కుర్చీ దిగిన ఆదివారం

ఆదివారం నాడు హైటెక్ సిటీకి వెళ్ళాలంటే కాస్త గుండె దిటవు ఉండాలి. మామూలు రోజుల్లో కాలు పెట్టడానికి సందు దొరకని ఆ రోడ్ల మీద ఆదివారం మధ్యాహ్నం గాలి ఒక్కటే తిరుగుతుంటుంది. మనం దగ్గరికి వెళ్తే గాజు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఒక్కోసారి ఎవరూ వెళ్ళకపోయినా తెరుచుకుంటాయి. సెక్యూరిటీ అతను మనల్ని చూసే చూపులో అనుమానం కంటే జాలే ఎక్కువ ఉంటుంది. నేను మాత్రం ఏటా ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక, ప్రగతి నగర్ నుంచి టిఫిన్ క్యారియర్ పట్టుకుని అక్కడికి వెళ్తాను. పాటలు వినడానికి వెళ్తాను.

ఏ పాటలో చెప్పాలంటే మా పోటీ గురించి చెప్పాలి. వేరే దేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళు దేశానికి ఒక్క పాట చొప్పున మాకు పంపుతారు, మన దేశం తరఫున మా చర్చివాళ్ళు ఒకరు పాడతారు. మా చర్చిలో క్వాయర్ నడిపిన మాస్టారు దీన్ని మొదలుపెట్టినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది, పాటలు క్యాసెట్ల మీద వచ్చేవి. గల్ఫ్ క్యాసెట్లో పాట వెనక కూలర్ చప్పుడు, మలేషియా క్యాసెట్లో రేకుల మీద వాన చప్పుడు. నేను ఆ చప్పుళ్ళ కోసమే వినేదాన్నేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. భక్తి పాటే కావాలని లేదు, జోలపాటైనా నాట్లు వేసే పాటైనా సరే. కొత్తగా పాడాలి, గొంతు మనిషిది కావాలి. ఈ రెండో షరతు ఎందుకంటే, ఒక మహానుభావుడు మౌత్ ఆర్గాన్ వాయించి పంపి బహుమతి ఇమ్మని కూర్చున్నాడట. ఆయన పుణ్యమా అని రాసుకున్న నియమం అది.

మా దగ్గర ప్రతి దేశానికీ ఒక కుర్చీ ఉంటుంది. మాట వరసకి కాదు, నిజంగానే. వినే రోజున హాల్లో వరుసగా కుర్చీలు వేసి, ఒక్కోదాని వీపుకి ఒక్కో దేశం పేరున్న కాగితం అంటిస్తాం. వాటిలో ఎవరూ కూర్చోరు. మేం ఎదురుగా కూర్చుని, ఏ దేశం పాట వస్తే ఆ ఖాళీ కుర్చీని చూస్తూ వింటాం. పాడే మనిషి ముందర ఉన్నట్టు వినాలని మాస్టారి పట్టుదల. వరుసగా రెండేళ్ళు పాట రాకపోతే ఆ కుర్చీని గోడ వైపు తిప్పేస్తాం, ఇక ఆ దేశం లేనట్టే. ఒకప్పుడు రెండు వరుసలుండేవి. ఇప్పుడు తొమ్మిది కుర్చీలు మా వైపు, మిగతావన్నీ గోడ వైపు చూస్తుంటాయి.

వినేవాళ్ళం ముగ్గురం. అందులో ఒకరికి సంగీతం బొత్తిగా రాకూడదు. తెలిసినవాళ్ళు తప్పులు వింటారు, తెలియనివాళ్ళు పాట వింటారు అంటారు మాస్టారు. నాకు సంగీతం తెలుసు. బాచుపల్లిలో ఒక బడిలో సంగీతమే నేర్పుతాను, లెక్కల సారు నా పీరియడు లాక్కోని రోజుల్లో. ఏమీ తెలియని ఆ మూడో మనిషి, హైటెక్ సిటీలో నేను వెళ్ళే ఆ భవనం మెయింటెనెన్సు చూసే మేనేజరు. వరంగల్ దగ్గరి ఆయన. చర్చి హాలు మాకు కిరాయికి దొరకని ఏడాది మాస్టారి మీద గౌరవంతో తన భవనంలో ట్రైనింగ్ హాలు ఇప్పించాడు, అప్పటి నుంచీ ఏటా అక్కడే. ఇంకొక్క నియమం ఉంది, అది కూడా చెప్పాలి. వినేవాళ్ళ బంధువులు పాడకూడదు. బంధువులు పోటీలో ఉంటే ఆ వినే మనిషి తన కుర్చీ దిగిపోవాలి.

ఆ హాల్లో లైట్లకు స్విచ్చులు లేవు. మనిషి కదిలితే వెలుగుతాయి, కాసేపు ఎవరూ కదలకపోతే ఆరిపోతాయి. మొదటి ఏడాది మాకా సంగతి తెలియదు. శ్రీలంక నుంచి వచ్చిన ఒక పాట వింటుంటే ఉన్నట్టుండి చీకటైంది. మాస్టారు కరెంటు వాళ్ళను తిట్టబోతే మేనేజరు నవ్వాడు. "కరెంటు పోలే సార్. మనం ముగ్గురం కదల్లేదు. లోపల ఎవ్వరు లేరనుకొని బంద్ అయినయ్. జర చెయ్యి ఊపుండ్రి." మాస్టారు చెయ్యి ఊపలేదు. పాట అయిపోయే దాకా ఆ చీకట్లోనే కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా, "ఇకనుంచి మార్కులు వద్దు. చీకటి పడ్డ పాటకే బహుమతి" అన్నారు.

నవ్వుకోండి, కానీ అంతకంటే నిజాయితీ గల తీర్పు నేనెక్కడా చూడలేదు. మనిషన్నాక కాలు ఊపుతాడు, చెవి గోక్కుంటాడు, మా మేనేజరైతే ఫోను తీసి చూసుకుంటాడు. పాట బాగుంటేనే ఇవన్నీ ఆగుతాయి. అయితే ఈ మధ్య కొన్నేళ్ళుగా మా హాల్లో చీకటి పడడం మానేసింది. పాటలు బాగానే ఉండేవి, శుభ్రంగా, శ్రుతిలో, అన్నీ ఒకేలా. మేం కాళ్ళు ఊపుతూనే ఉన్నాం. అందుకే మొన్నటి ఆదివారానికి ముందు మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. "అమ్మా, ఈసారి ఒక్క పాటకైనా చీకటి పడకపోతే మూసేద్దాం. పోటీకి భవిష్యత్తు ఉందా లేదా అని మీటింగులు పెట్టుకోవడం నా వల్ల కాదు. ఆ లైట్లే చెప్తాయి."

ఇక మా అక్క గురించి.

మేం జీడిమెట్లలో పెరిగాం. నాన్న గుంటూరు వైపు నుంచి మందుల ఫ్యాక్టరీలో పనికి వచ్చారు. ఆ రోజుల్లో సాయంత్రం అయితే చాలు, గాలిలో ఏదో ఒక వాసన దిగేది. ఒకరోజు కుళ్ళిన గుడ్డు, ఒకరోజు సుద్దముక్క, ఒకరోజు పేరు పెట్టలేనిది. మా వీధి పిల్లలందరికీ ఒక అలవాటు ఉండేది. ఊపిరి పీల్చే ముందు నాలుక అంగిటికి తాకించి చిన్నగా "ట్చ్" అనేవాళ్ళం. గాలిని ముందు రుచి చూసి, ఫరవాలేదనుకుంటేనే లోపలికి పిలిచేవాళ్ళం. అందరికీ పెద్దయ్యాక పోయింది. అక్కకు పోలేదు. చర్చిలో పాడేటప్పుడు చరణానికీ చరణానికీ మధ్య ఆ "ట్చ్", ఆ తర్వాత లోతుగా ఊపిరి. నేను ఆమె పక్కలో పడుకుని పెరిగాను. ఆ శబ్దం ఆగితే మెలకువ వచ్చేది నాకు.

అక్కది గొప్ప గొంతు. నాది శిక్షణ, ఆమెది గొంతు, ఇందులో నాకు అసూయ లేదని అబద్ధం చెప్పను. మా పోటీలో ఆమె ఒక్కసారి కూడా పాడలేదు, ఎందుకంటే వినే కుర్చీలో నేనుండేదాన్ని. ఏటా ఆట పట్టించేది. "నువ్వా కుర్చీ దిగవే, నేను మైకెక్కుతా" అనేది. "నువ్వెక్కితే మిగతా దేశాలేం కావాలి, పాపం" అనేదాన్ని నేను. ఇద్దరం నవ్వేవాళ్ళం. అదొక ఆట మాకు, దిగాల్సిన రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పోటీలో పాడకపోయినా ఆమె గొంతు మాదాపూర్ దాకా వెళ్ళింది. తెలుగులో మాట్లాడే యంత్రం కోసం ఒక సంస్థ వాళ్ళు ఆడగొంతు వెతుకుతుంటే వెళ్ళింది. గాజు గదిలో కూర్చోబెట్టి తలా తోకా లేని వాక్యాలు చదివించారట, చివర్లో సరిగమలు కూడా పాడించుకున్నారట. కొన్నాళ్ళకు గ్యాస్ బుక్ చేసే ఫోన్లో ఆమె గొంతు వినపడింది. "ఒకటి నొక్కండి" అని ఫోన్లో ఆమే చెప్పేది, "ముందు హలో అనవే, మర్యాద లేదూ" అని పక్కన కూర్చుని ఆమే తిట్టుకునేది. ఆమె చనిపోయాక మా ఇంట్లో సిలిండర్ నిండుగా ఉన్నా నేను ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు చేస్తే ఎవరో పడుచుపిల్ల గొంతు వచ్చింది, మార్చేశారు. ఆ రోజు నేను అంత్యక్రియల నాటి కంటే ఎక్కువ ఏడ్చాను.

ఆ ఆదివారం మొదటి నాలుగు పాటలూ ఎప్పటిలాగే నడిచాయి. మేనేజరు రెండుసార్లు ఫోను చూసుకున్నాడు. మాస్టారు నాలుగో పాటకి కళ్ళద్దాలు తుడుచుకున్నారు, అంటే ఆయన ఆశ వదులుకున్నట్టు. ఐదోది హిందూ మహాసముద్రంలో ఒక చిన్న ద్వీపం నుంచి వచ్చింది. చెరకు తోటల్లో పనికి మనవాళ్ళను ఓడల్లో తీసుకెళ్ళిన చోటు అది. పల్లవి మొదలైంది. ఎక్కడో విన్న గొంతే అనుకున్నాను, అంతకంటే ముందుకు పోలేదు నా బుద్ధి. పల్లవి అయింది. చరణం ముందు చిన్న ఖాళీ. ఆ ఖాళీలో "ట్చ్" అని, ఆ తర్వాత లోతుగా ఊపిరి.

కాగితం అంటించిన ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయాను. చూపు తిప్పితే ఏమవుతుందో అని భయం వేసింది. నా భయం ఎవరికి చెప్పుకోను? మేం దయ్యాలను నమ్మం. పోయినవాళ్ళు నిద్రపోతున్నారనీ, లేపే రోజున లేపుతారనీ నమ్ముతాం. మా అక్క ఎన్నడూ చూడని సముద్రం మీద, ఎన్నడూ పలకని మాటలతో పాడుతోంది. రెండో చరణంలో లైట్లు ఆరిపోయాయి.

పాట అయ్యాక కూడా కాసేపు ఎవరూ చెయ్యి ఊపలేదు. చీకట్లో మాస్టారు ముక్కు చీదుకున్న చప్పుడైంది, వెలుగు వచ్చింది. "బతికించింది తల్లి" అన్నారాయన. ఆయన ముఖంలో అంత సంతోషం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. నోరు తెరవబోయి ఊరుకున్నాను. ఒక యాప్‌లో పాట రాసి పెడితే యంత్రం పాడి ఇస్తుందని మా బడి పిల్లలు చెప్పగా విన్నాను. అక్క సరిగమలు ఎక్కడికి చేరాయో నాకు అప్పుడే అర్థమైంది. చెప్తే పోటీ ఆ నిమిషమే ముగుస్తుంది. చెప్పకపోతే మా అక్క వేరే దేశం పేరు మీద, పేరు లేని మనిషిగా గెలుస్తుంది. నిజం చెప్పాలంటే ఆ రెండూ కాదు నన్ను ఆపింది. ఇంకోసారి వినాలనిపించింది.

విన్నాను కూడా. ఆరో పాట ఆమెది కాదు. ఏడోది వేరే ఖండం నుంచి, ఆమెది. ఎనిమిదోది ఇంకో దేశం నుంచి, అదీ ఆమెదే. రెండుసార్లూ ఆ "ట్చ్" వినపడింది, రెండుసార్లూ చీకటైంది. మూడోసారి లైట్లు వెలిగాక మేనేజరు నా వైపు తిరిగాడు.

"ఏందక్కా, మూడు దేశాలల్ల ఒక్కతే పాడ్తుందా? గా మధ్యల టిక్కుమంటది చూడు, మూడిట్ల అదే."

సంగీతం తెలియని చెవి అంటే అదీ. మాస్టారు మాత్రం, "మన ఆడవాళ్ళ గొంతులు కొన్ని అలా కలుస్తాయయ్యా" అని కొట్టిపారేశారు. ఆయనకు ఈ మధ్య వినికిడి కొంచెం తగ్గింది, ఆ "ట్చ్" ఆయనకు అందలేదు. భోజనం చేసి తొమ్మిదోది విందామన్నారు.

నేను పులిహోర వాళ్ళకు వడ్డించి, నాకు ఆకలి లేదని చెప్పి బయటికి వచ్చాను. వరండా పొడుగునా ఖాళీ గదులు. నేను నడుస్తుంటే ముందు లైట్లు వెలుగుతున్నాయి, వెనక ఆరిపోతున్నాయి. చివరి కిటికీ దగ్గర ఆగి అక్క కూతురికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి రాయదుర్గంలో ఇలాంటి గొంతుల పనే చేస్తుంది, వేరే సంస్థలో. తల్లి పోయాక ఆ పనిలో చేరింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

సంగతంతా చెప్పాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"ఆ యాప్ నాకు తెలుసు పిన్నీ. అందులో తెలుగు ఆడగొంతు ఒక్కటే ఉంది. అది అమ్మదే. రెండేళ్ళుగా తెలుసు."

"నాకు చెప్పలేదేమే?"

"చెప్తే నువ్వు రోజూ వింటావు. నాకు భయం."

ఆ మూడు పాటలూ పోటీలో ఉంచుతారా, తీసేస్తారా అని అడిగింది. అదింకా తేలలేదన్నాను. అప్పుడు ఆ ఊపిరి సంగతి చెప్పాను, యంత్రానికి అది కూడా నేర్పారు చూడు అన్నాను.

"లేదు పిన్నీ. ఊపిరి ఉండదు. రికార్డింగుల్లోంచి ఊపిరి తీసెయ్యడమే మొదటి పని. ఆ సంస్థలో కూడా అంతే, వాళ్ళ గొంతులు నేను చూశాను."

"నేను విన్నానమ్మా. నేనొక్కదాన్నే కాదు, మేనేజరు కూడా విన్నాడు."

"ఆ మూడు ఫైళ్ళూ పంపు. వినను కానీ, గీతలు చూసి చెప్తా."

శబ్దం ఆపేసి, స్క్రీన్ మీద గొంతు గీసే గీతలు మాత్రం చూస్తుందట. తల్లి గొంతుతో ఆ పిల్ల అలా కాపురం చేస్తోంది. ఫైళ్ళు పంపి, కిటికీ అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాను. కింద రోడ్డు మీద ఒక కుక్క గాజు తలుపు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. అది లోపలికి వెళ్ళకుండా చూసి పోయింది. ఫోన్ మోగింది.

"మూడింటిలోనూ చరణాల మధ్య ఏమీ లేదు పిన్నీ. గీత తాడు లాగినట్టు ఉంది. చప్పుడన్నదే లేదు."

హాల్లోకి తిరిగి వచ్చి నేను నిలబడే చెప్పాను. యాప్ గురించి, అక్క గురించి, ఆ గొంతు గురించి. ఊపిరి సంగతి చెప్పలేదు, అది నా నోటికి రాలేదు. మాస్టారు చేతిలో పెరుగన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. ఆయన అక్కను చిన్నప్పటి నుంచి ఎరుగును, క్వాయర్‌లో ముందు వరుసలో నిలబెట్టింది ఆయనే.

"నేను గుర్తుపట్టలేకపోయానమ్మా" అన్నారు. ఎందుకు దాచావని అడగలేదు.

చాలాసేపటికి ఆయనే వాదన మొదలుపెట్టారు, మాతో కాదు, తనతో. "గొంతు మనిషిదై ఉండాలని రాసుకున్నాం. ఇది మనిషి గొంతే. మనిషి బతికి ఉండాలని రాసుకోలేదు. క్యాసెట్ల రోజుల్లో ఒకాయన పాట పోస్టులో మన దగ్గరికి చేరేలోపే ఆయన పోయాడు. బహుమతి ఇచ్చాం కదా."

మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "ఆయన పాడి చచ్చిపోయిండు సార్. ఈమె చచ్చిపోయినంక పాడుతుంది."

పోటీకి భవిష్యత్తు ఉందా లేదా అని ఎన్నో మీటింగుల్లో ఎందరో మాట్లాడగా విన్నాను. సాంకేతికత అన్నారు, కొత్త తరం అన్నారు, ఒకాయన స్లైడ్లు కూడా వేశాడు. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

మాస్టారు గిన్నె పక్కన పెట్టి ద్వీపం వాళ్ళకు ఫోన్ చెయ్యమన్నారు. కుర్చీ తిప్పే ముందు వాళ్ళ మాట వినాలి, అదీ మా పద్ధతే. ఫోన్ ఎత్తింది ఒక పెద్దావిడ, ఎనభై దాటిన మనిషి, అక్కడి తెలుగు సంఘానికి మిగిలిన ఏకైక కార్యకర్త. ఆమె తెలుగు మన ముత్తాతల నాటిది. మాస్టారి ఫోన్ బల్ల మీద, మైకు ముందు పెట్టాం, ఆమె మాట స్పీకర్లలో వస్తేనే ఆయనకు వినపడుతుంది.

ఆమె బుకాయించలేదు. "పాడేవాళ్ళు లేరయ్యా. చిన్నవాళ్ళకు పదాలు పలకవు. పోయిన ఏడు పంపలేదు. ఈ ఏడు కూడా పంపకపోతే కుర్చీ తిప్పేస్తారు గదా. మా తాత పేరూ ఓడ పేరూ పోయినవి, ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది. ఎవరో ఈ యంత్రం చూపించినారు. దొంగతనమని తెలుసు. కానీ ఆ తల్లి గొంతు విని మా ముసలివాళ్ళం అందరం ఏడ్చినాము. ఎవరామె?"

మాస్టారు నా వైపు చూశారు. నేను చెప్పలేకపోయాను.

"మీరు పాడండమ్మా" అన్నారాయన.

"నేనా? నాకు గొంతేడిదయ్యా."

"ఉన్నది చాలు. యంత్రం పాట చెల్లదు. మీరు పాడితే కుర్చీ ఉంటుంది."

అప్పుడు నాకు నియమం గుర్తొచ్చింది. ఆ పాటలు చెల్లవని ఆయన అనేశారు కాబట్టి నిజానికి నేను దిగనక్కర్లేదు. కానీ వచ్చినప్పటి నుంచి మూడుసార్లు ఆ గొంతు విని తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నదాన్ని, నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. "మాస్టారూ, నేను దిగిపోతున్నాను" అన్నాను. నా కుర్చీ ఖాళీ చేసి, దూరంగా తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాను, వీపు గోడకు ఆనించి. నా పక్కనే గోడ వైపు తిరిగిన కుర్చీలన్నీ ఉన్నాయి.

పెద్దావిడ మొదలుపెట్టింది. జోలపాట. చెరకు కోతకి వెళ్ళే తల్లి బిడ్డకు చెప్పే మాటలు. *చెరకు కోసి వస్తానే, చీకటైతే ఏడవకే.* శ్రుతి ఎక్కడో ఉంది, ఆమె ఎక్కడో ఉంది. మధ్యలో దగ్గింది. వెనక ఎక్కడో కోళ్ళు, ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. సముద్రం కూడా ఉందేమో, నాకు అలాగే అనిపించింది. ఎన్నాళ్ళకు ఒక పాట వెనక చప్పుళ్ళు విన్నాను. మాస్టారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ ఖాళీ కుర్చీని చూస్తున్నారు. మేనేజరు నోరు కాస్త తెరుచుకుని ఉంది, ఫోను సంగతి అతనికి గుర్తు లేదు. లైట్లు ఆరిపోయాయి.

మా పోటీ బతికిందని ఆ చీకట్లో నాకు తెలిసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు, చెయ్యి కదిలితే వెలుగొస్తుందని.

రెండో చరణం దగ్గర పెద్దావిడ మాట మర్చిపోయింది. ఆగింది. గిన్నెల చప్పుడు కూడా ఆగింది. కొన్ని క్షణాలు ఏమీ లేదు. అప్పుడు హాల్లో, స్పీకర్లలోంచి, మైకు దగ్గర మనిషి నిలబడితే వచ్చేంత దగ్గరగా వినపడింది. "ట్చ్." ఆ వెంటనే లోతుగా, నిండుగా ఒక ఊపిరి.

లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

మాస్టారి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. మేనేజరు నోరు అలాగే తెరుచుకుని ఉంది. నేను గోడకు ఆనుకునే ఉన్నాను. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం, కదిలింది ఎవరని. ఎవరమూ కాదు. మా ముగ్గురి చూపులూ బల్ల వైపు తిరిగాయి. బల్ల మీద మైకు, దాని ముందు ఫోను, పక్కన నేను దిగిన కుర్చీ. అంతే.

"ఎవరమ్మా అది?" అంది ఫోన్లో పెద్దావిడ. "నేను మరిచిన చోట అందుకోబోయి ఆగిపోయినారు. ఊపిరి తీసుకున్నారు గదా. పాడమనండి."

మేనేజరు నెమ్మదిగా లేచి ఏసీ గాలి వచ్చే చోటు చూశాడు, తలుపు చూశాడు. "సెన్సరు ఖరాబైనట్టుంది" అన్నాడు కానీ, ఆ మాట అతనికే నమ్మకం కలిగించలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. ఆయనకు ఈసారి వినపడింది, ఆయన ముఖమే చెప్పింది.

"మా అక్కండీ" అన్నాను నేను, తలుపు దగ్గర నుంచి. నా గొంతు ఫోన్ దాకా చేరిందో లేదో తెలియదు. "సిగ్గు లేదు దానికి. మీరు మొదలుపెట్టండి, అందుకుంటుంది."

పెద్దావిడ మళ్ళీ మొదలుపెట్టింది. అందుకుందా లేదా అని మీరు అడుగుతారు. నేను చెప్పను, చెప్తే మాస్టారు ఒకటి, మేనేజరు ఒకటి, నేను ఒకటి చెప్పినట్టవుతుంది. తొమ్మిదో పాట ఆ తర్వాత విన్నాం, లైట్లు ఆరలేదు. ద్వీపం కుర్చీ మా వైపే ఉంది. మిగతా రెండు దేశాల వాళ్ళూ యంత్రం పాటలు వెనక్కి తీసుకుని, తప్పుల తడకలుగా సొంత గొంతులతో పాడి పంపారు. పోటీ నడుస్తోంది. భవిష్యత్తు ఉందా అంటే నాకు తెలియదు, వచ్చే ఏడు ఉంది.

వచ్చే ఏడూ నేను వెళ్తాను, టిఫిన్ క్యారియర్ పట్టుకునే. కానీ తలుపు దగ్గర నేల మీదే కూర్చుంటాను. నా కుర్చీలోకి ఇంకొకరిని చూడమన్నాను, మాస్టారు ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళ అనుభవం, చెవి బాగానే ఉంది, ఎందుకు మానేశారని మా చర్చిలో అందరూ అడుగుతున్నారు. అందరికీ ఒకటే చెప్తున్నాను. బంధువులు పోటీలో ఉంటే కుర్చీలో కూర్చోకూడదు. అది మా నియమం.